పచ్చబొట్టు కూడా గాయమే

మానవుడు తన దేహమును అలంకరించుకొనుట నిన్న మొన్న పుట్టిన వింత కాదు. పచ్చబొట్టు లేని ముసలి అవ్వ మన పల్లెలలో ఒకప్పుడు అరుదు. ఆదిలాబాద్ ప్రాంతములో గోండు స్త్రీలకు తోటి తెగ స్త్రీలు తరతరాలుగా పచ్చబొట్లు పొడుస్తూ వచ్చారు. లంబాడీ తండాలలోను ఈ ఆచారము కలదు. పసిబిడ్డకు చెవులు కుట్టించుట మన ఇండ్లలో ఒక చిన్న పండుగ. తెలంగాణ పల్లెలలో అవుసలి సన్నని బంగారు తీగతో ఆ పని చేసేవాడు. పాతనగరములోని వృద్ధ ముస్లిం స్త్రీల చెవి అంచు వెంబడి వరుసగా కుట్లు, వాటిలో బాలీలు, పెండ్లినాటి నథ్ కొరకు కుట్టించిన ముక్కు మన కన్నులు చూచినవే. కాబట్టి నేటి యువతీయువకులను చూచి కలికాలమని నిట్టూర్చే పెద్దలతో మేము పూర్తిగా ఏకీభవించలేము.

అయినను ఆ పాత ఆచారమునకు, నేటి వేడుకకు ఒక ముఖ్యమైన భేదము కలదు. ఆనాడు బిడ్డ చెవి కుట్టిన పిమ్మట ఆ పుండు ఇంటిల్లిపాది బాధ్యత. అమ్మమ్మయో నానమ్మయో ప్రతి ఉదయము ఆ చెవిని వెలుతురు వైపు త్రిప్పి చూచేది. వాచినదా, చీము పట్టినదా, జ్వరము వచ్చినదా అని విచారించేది. ఆమె పూసిన పసుపు, నూనె నేటి వైద్యశాస్త్రమునకు సమ్మతము కాకపోవచ్చును. వంటింటి పసుపు సూక్ష్మజీవులు లేని పదార్థము కాదు. కాని ఆమె కన్ను మాత్రము ఏ ఔషధమునకు తీసిపోనిది. నేడు మనము పోగొట్టుకొన్నది ఆ కన్నునే.

1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనమును నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించారు. అటు తరువాత హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ ప్రాంతములు ఒకే మహానగరముగా అల్లుకొని పోయినవి. ఊరు విడిచి, తల్లిదండ్రులను విడిచి, వేలాది యువతీయువకులు ఇక్కడి హాస్టళ్ళలో, అద్దె గదులలో నివసిస్తున్నారు. మొదటి జీతము చేతికి వచ్చిన శనివారము నాడు మిత్రులతో కలసి వెళ్ళి ముంజేతిపై ఒక బొమ్మ వేయించుకొనుట, చెవి పైభాగమున ఒక పుడక కుట్టించుకొనుట నేడు సర్వసాధారణము. సోమవారము నాడు వారు తిరిగి ఉద్యోగమునకు వెళ్ళుతారు. ఆ గాయమును చూచే వారెవరు? మా కళాశాల విద్యార్థులలో పలువురు రేపు ఆ దారిన పోవలసినవారే కనుక ఈ విషయమును ఇచట ప్రస్తావించుట ఉచితమని తలచాము.

ముందుగా పచ్చబొట్టు అనగా ఏమో తెలుసుకొందము. మన చర్మపు పై పొర ఎప్పటికప్పుడు రాలిపోయి క్రొత్తది వస్తూ ఉంటుంది; అక్కడ రంగు నిలువదు. అందువలన సూది సుమారు ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతుకు దిగి లోపలి పొరలో సిరాను వదలుతుంది. 1891లో న్యూయార్కుకు చెందిన శామ్యూల్ ఓరైలీ విద్యుత్ యంత్రమునకు పేటెంటు పొందిన నాటి నుండి ఈ పని వేగవంతమైనది. శరీరము ఆ సిరాను పరాయి వస్తువుగా ఎంచి రక్షక కణములను పంపుతుంది. మాక్రోఫేజ్‌లు అనే ఆ కణములు సిరాను మ్రింగి అక్కడనే నిలిచిపోతాయి. అవి మరణించినపుడు క్రొత్త కణములు ఆ సిరాను మరల మ్రింగుతాయని 2018లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ఎలుకలపై పరిశోధించి తెలిపారు. అనగా బొమ్మ నిలుచుటకు కారణము గాయముతో శరీరము చేసే పోరాటమే. ఇట్టి దానిని నగగా మాత్రమే భావించుట పెద్ద పొరపాటు.

ఈ గాయము పైకి మానుటకు రెండు నుండి నాలుగు వారములు పడుతుంది. లోపల మానుటకు నెలలు పడుతుంది. ఆ దినములలో పాటించవలసిన నియమములు కష్టమైనవి కావు. చేతులు సబ్బుతో కడుగుకొనకుండ గాయమును తాకరాదు. రోజుకు రెండుమార్లు వాసన లేని మెత్తని సబ్బుతో, పారే నీటితో మృదువుగా కడిగి, శుభ్రమైన వస్త్రముతో అద్ది ఆరనీయవలెను, రుద్దరాదు. వైద్యుడు గాని, పని చేసిన నిపుణుడు గాని సూచించిన సుగంధము లేని లేపనమును పలుచగా రాయవలెను. మందముగా పూసిన లేపనము గాలిని అడ్డగించి తేమను పెంచుతుంది. పొక్కు కట్టి దురద పుట్టినపుడు గోటితో గీకరాదు. పొక్కుతో పాటు రంగు కూడ ఊడివస్తుంది, మచ్చ మిగులుతుంది.

మన నగరపు పరిస్థితులు ఈ నియమములకు మరికొన్నింటిని జోడిస్తున్నవి. మాదాపూర్, కొండాపూర్ ప్రాంతములలో వేసవి వచ్చినచో అనేక భవనములకు ట్యాంకరు నీరే గతి. సంపులో నిలువ ఉన్న నీటిని నమ్ముటకంటె మొదటి కొన్ని దినములు కాచి చల్లార్చిన నీటితో కడుగుకొనుట మేలు. ఏప్రిల్, మే నెలల ఎండ నలుబది డిగ్రీలు దాటే ఊరిలో మానని బొమ్మపై ఎండ పడనీయక వదులైన నూలు చొక్కాతో కప్పుకొనవలెను. లాప్‌టాప్ సంచి పట్టీ భుజముపైని బొమ్మను ఒరుస్తుంది. మెడలో వ్రేలాడే గుర్తింపు కార్డు త్రాడు మెడమీది గాయమును రాపాడుతుంది. వ్యాయామశాలలోని చాపలు, బల్లలు పదిమంది చెమట తాగినవి. ఇక అపార్టుమెంట్లలోని ఈతకొలను సంగతి. గాయము పూర్తిగా మానునంత వరకు కొలనులో గాని, చెరువులో గాని, సముద్రములో గాని మునుగరాదు. కాలేయవ్యాధి గల 31 ఏండ్ల వ్యక్తి ఒకడు పచ్చబొట్టు వేయించుకొన్న ఐదు దినములకే మెక్సికో సింధుశాఖలో ఈదులాడి, విబ్రియో అనే సూక్ష్మజీవి సోకి, సుమారు రెండు నెలల చికిత్స తరువాత మరణించినట్లు 2017లో బ్రిటన్ వైద్య పత్రికలో వెలువడినది. ఇది అరుదైన సంఘటనయే. కాని కాలేయవ్యాధి, మధుమేహము వంటి జబ్బులు గలవారు ముందుగా వైద్యుని సలహా పొందుట ఎంత అవసరమో ఇది చాటుతున్నది.

చెవి, ముక్కు కుట్టించుకొనువారి విషయము మరికొంత భిన్నము. చెవి తమ్మె ఆరు నుండి ఎనిమిది వారములలో మానుతుంది. ముక్కునకు కొన్ని నెలలు పడుతుంది. చెవి పైభాగపు మృదులాస్థికి, బొడ్డునకు ఒక సంవత్సరము వరకు కూడ పట్టవచ్చును. మృదులాస్థికి సొంత రక్తనాళములు లేవు. అక్కడ చీము పట్టినచో శరీరము పోరాడుట కష్టము. ఆలస్యము చేసినచో చెవి ముడుచుకొని శాశ్వతముగా వికారమవుతుంది. అందువలననే స్ప్రింగు తుపాకీ వంటి సాధనముతో మృదులాస్థిని కుట్టరాదని నిపుణులు హెచ్చరిస్తారు. రాత్రి పాళీలో ఎనిమిది గంటలు చెవులకు హెడ్‌సెట్ బిగించుకొని పనిచేసే యువతి, దానిపై హెల్మెట్ ధరించి ఇంటికి వెళ్ళే యువకుడు ఈ సంగతి మరువరాదు. కుట్టించుకొనుటకు ముందే ఆ ఒత్తిడిని గూర్చి ఆలోచించవలెను.

కుట్టిన చోటును రోజుకు రెండుమార్లు మందుల దుకాణములో లభించే 0.9 శాతపు స్టెరైల్ సెలైన్‌తో తడిపి తుడిచిన చాలును. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ క్రొత్తగా పుట్టే కణములనే చంపుతాయి. పుడకను పదేపదే త్రిప్పుట వలన మానుతున్న గాయము మరల చీలుతుంది. చీము పట్టినదని పుడకను తామే లాగివేయుట కూడ తప్పు. రంధ్రము పైన మూసుకొని చీము లోపల చిక్కుకొనవచ్చును. వైద్యుడు చెప్పిన పిమ్మటనే తీయవలెను. మొదటి పుడక గిల్టుది కారాదు. దానిలోని నికెల్ పలువురికి దురద, పుండు కలిగిస్తుంది. వైద్యశ్రేణి టైటానియమో, మేలైన బంగారమో శ్రేయస్కరము.

మెహందీ మనకు ప్రియమైనది. కాని త్వరగా పండుటకు నల్లని రంగు కలిపి అమ్మే మెహందీలో పి.పి.డి. అనే జుట్టు రంగు రసాయనము ఉండవచ్చును. అది చర్మమును పొక్కించుటే గాక, జీవితాంతము జుట్టు రంగులు పడకుండ చేయగలదు. ఆకు మెహందీ నల్లగా పండదు. ఈ ఒక్క గుర్తు చాలును.

అపాయపు సూచనలేమి? మొదటి రెండు మూడు దినములు ఎరుపు, కొద్దిపాటి వాపు సహజము. ఆ తరువాత తగ్గవలసిన నొప్పి పెరిగినను, వేడి, చీము, దుర్వాసన కనిపించినను, గాయము నుండి ఎర్రని చార పైకి ప్రాకినను, చలిజ్వరము వచ్చినను వెంటనే వైద్యుని చూడవలెను. వారములు గడచినను మానని చిన్న పొక్కులను కూడ ఉపేక్షించరాదు. 2011లో న్యూయార్కు రాష్ట్రపు రోచెస్టర్ నగరములో ఒకే కళాకారుని వద్ద పచ్చబొట్టు వేయించుకొన్న 19 మందికి ఇట్టి పొక్కులు వచ్చినవి. ముందే కలిపి సీసాలలో అమ్మిన బూడిదరంగు సిరా దానికి మూలమని విచారణలో తేలినది. దుకాణము అద్దమువలె మెరసినంత మాత్రమున సిరా శుద్ధమైనదని అర్థము కాదు.

ఇట్టి సమయమున మందుల దుకాణములో ఏదో ఒక లేపనము అడిగి తెచ్చుకొనుట మనకు అలవాటు. స్టెరాయిడ్ కలిసిన లేపనము వాపును కప్పిపుచ్చి లోపలి వ్యాధిని పెరగనిస్తుంది. పలు స్టెరాయిడ్ లేపనములను వైద్యుని చీటీపైననే అమ్మవలెనని 2018లో కేంద్ర ప్రభుత్వము నియమించుటకు కారణము వాటి దుర్వినియోగమే. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులలో చర్మవ్యాధుల విభాగములు ఉన్నవి. వాటిని ఉపయోగించుకొనుటలో నామోషీ లేదు.

నామోషీ అన్న మాట వచ్చినది కనుక మా అసలు అభిప్రాయమును చెప్పెదము. గాయము ముదురుటకు సూక్ష్మజీవి ఎంత కారణమో దాపరికము అంత కారణము. ఇస్లాం ధర్మవేత్తలలో అత్యధికులు శాశ్వతమైన పచ్చబొట్టును అంగీకరించరు. అనేక హిందూ, క్రైస్తవ కుటుంబములలోను దానిపై అయిష్టము కలదు. ఆ విశ్వాసములను మేము గౌరవిస్తాము. చర్మముపై చెక్కించుకొనుటకు ముందు తల్లిదండ్రుల మనసును, తమ మనసును పదిమార్లు ప్రశ్నించుకొనుమని యువతకు మా మనవి. కాని జరిగిపోయిన పిమ్మట బిడ్డ పూర్తి చేతుల చొక్కా తొడిగి, జ్వరమును దాచి, పండుగకు ఇంటికి రాకుండ గదిలో పడియుండుట ఏ ధర్మమునకు సమ్మతము? తల్లిదండ్రులారా! ముందు గాయమును చూడుడు, మందలింపు తరువాత కానిండు. మందలింపు ఆలస్యమైన నష్టము లేదు. చికిత్స ఆలస్యమైన నష్టము కలదు.

దుకాణదారులకు కూడ ఒక మాట. ఆసుపత్రిలో వాడిన సూదిని ఎట్లు పారవేయవలెనో 2016 నాటి జీవవైద్య వ్యర్థముల నియమములు చెప్పుచున్నవి. పచ్చబొట్టు సూది కూడ రక్తమును తాకినదే. ప్రతి వ్యక్తికి క్రొత్త సూది, క్రొత్త సిరా గిన్నె, క్రొత్త చేతి తొడుగులు ఉండవలెను. వాటిని అతని ఎదుటనే విప్పవలెను. గాయమును చూచుకొను విధమును తెలుగులోను, ఉర్దూలోను అచ్చువేసిన ఒక చీటీ చేతికి ఇచ్చుటకు ఎంత ఖర్చు అవుతుంది? రక్తము ద్వారా సోకే హెపటైటిస్ బి వ్యాధికి టీకా కలదు. పెద్దలకు అది ఆరు నెలలలో మూడు మోతాదులు. దేశమంతట శిశువులకు ఈ టీకా 2011 నాటికి గాని అందలేదు. అంతకు ముందు పుట్టినవారు తమకు పడినదో లేదో విచారించుకొనుట మంచిది.

సాఫ్ట్‌వేర్ సంస్థలు తరచుగా రక్తదాన శిబిరములు నడుపుతున్నవి. పచ్చబొట్టు వేయించుకొన్నవారు, చెవి ముక్కులు కుట్టించుకొన్నవారు పన్నెండు నెలల వరకు రక్తము ఇవ్వరాదని 2017 నాటి జాతీయ మార్గదర్శకములు చెప్పుచున్నవి. శిబిరములో ఈ ప్రశ్న అడిగినపుడు సిగ్గుపడి దాచిన ఒక్క మాట ఎవరో తెలియని రోగి ప్రాణము మీదికి రావచ్చును. దాపరికము తన ఒంటితో ఆగదనుటకు ఇంతకంటె నిదర్శనము వేరొకటి అవసరము లేదు.

అలంకారము ఎవరి ఇష్టము వారిది. గాయమును కనిపెట్టుట మాత్రము అందరి కర్తవ్యము. ఒకే గదిలో నివసించే మిత్రులు ఆనాటి అమ్మమ్మ చేసిన పనిని నేడు ఒకరికొకరు చేసిపెట్టవలెను. రోజుకొకమారు "ఏదీ, చేయి చూపుము" అని అడిగే స్నేహితుడు ఉన్నచో, పరాయి ఊరిలోను బిడ్డకు ఇల్లు ఉన్నట్లే. మా సోదరీ సోదరులు అట్టి స్నేహితులు కావలెనని మనసారా ఆశిస్తున్నాము.