నరాచి జనానికి నోరుంది

కేజీఎఫ్ సినిమా మొదటి భాగంలో చూపు లేని ఒక ముసలాయన ఉంటాడు. చూపు పోయిన కూలీ నరాచి గనికి పనికిరాడు కాబట్టి కాపలాదారులు అతన్ని చంపబోతారు. అప్పటిదాకా ఆ బానిసల్లో ఒకడిగా తలవంచుకుని ఉన్న కథానాయకుడు రాకీ అక్కడ తిరగబడతాడు. 2018 డిసెంబర్ 21న సినిమా విడుదలైన నాటి నుంచి తెలుగు థియేటర్లలో ఈలలతో హోరెత్తిన ఘట్టాల్లో ఇదొకటి. ఆ ఈలల్లో నాకు తప్పేమీ కనబడదు. నిస్సహాయుడి పక్కన ఒకడు నిలబడ్డప్పుడు వేలమంది గుండె ఒక్కసారిగా పొంగడం మంచి సంగతే. నా బాధంతా ఆ చప్పట్ల మధ్య కనబడకుండా పోయిన వాళ్ల గురించి. తెర మీద ఆ ముసలాయన చుట్టూ నిలబడ్డ వేలాది కూలీలు నోరెత్తరు. ఎవరో వస్తారని ఎదురుచూస్తారు, వచ్చాక దణ్ణం పెడతారు. సినిమాకు పేరిచ్చిన కోలారు బంగారు గనుల్లో నిజంగా పనిచేసిన మనుషులు అలాంటివాళ్లు కాదు. ఈ సినిమాలో పెద్ద కల్పన రాకీ కాదు, నోరులేని ఆ జనం. అభిమానులు ఎంతో ఇష్టంగా అడుగుతున్న ‘ఇది నిజంగా జరిగిందా’ అన్న ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఆ ప్రశ్నను పిల్లచేష్ట అని కొట్టిపారేయకూడదు. ఈ సినిమా అభిమానులు అల్లరి చేసి ఊరుకునే రకం కాదు. రెండో భాగం విడుదల రోజును జాతీయ సెలవు దినంగా ప్రకటించాలంటూ 2021లో ప్రధానమంత్రికి లేఖ వెళ్లింది. అది అభిమానం శ్రుతి మించిన తీరు అనుకుందాం. కానీ 2023లో అదే దర్శకుడు ప్రశాంత్ నీల్ ‘సలార్’ టీజర్‌ను తెల్లవారుజామున 5 గంటల 12 నిమిషాలకు విడుదల చేస్తామన్నప్పుడు ఏం జరిగిందో చూడండి. కేజీఎఫ్ రెండో భాగం పతాక సన్నివేశంలోని గడియారాన్ని గుర్తుపెట్టుకుని, రెండు కథలకూ లంకె కుదిర్చినవాళ్లు ఈ అభిమానులే. ఒక గడియారం ముల్లును ఇంత శ్రద్ధగా చదివే కళ్లు ఒక శిలాఫలకాన్ని, ఒక పాత ఫొటోను, ఒక సమ్మె తేదీని చదవలేవా? చదవగలవు. వాళ్ల ముందు పెట్టినవాళ్లే లేరు. ఊహాలోకాలను ప్రేమించే పాఠకులు, ప్రేక్షకులు ప్రపంచంలో ఎక్కడైనా ఇంతే. ఆగిపోయిన కథ మిగిల్చిన ఖాళీలను తమ ఊహతో పూరించుకుంటారు. కేజీఎఫ్ రెండు భాగాలతో ఆగింది. మూడోది ఉందని తెర మీద సూచించి వదిలేశారు. ఆ ఖాళీలో అభిమానులు ఎన్నో అల్లుకున్నారు. వాటి పక్కన చరిత్రకు కూడా కాస్త చోటు దొరకాలి.

‘సినిమాను సినిమాలా చూడాలి, నరాచి కల్పిత ప్రదేశమని తెలియనివాళ్లు ఎవరు?’ అని అనేవాళ్లుంటారు. ఈ మాటను నేను సగమే ఒప్పుకుంటాను. కల్పనకు హద్దులు గీయమని ఎవరూ కోరనక్కర్లేదు. చరిత్ర ఇలా జరిగి ఉంటే ఎలా ఉండేది అని ఊహించడం సైన్స్ ఫిక్షన్‌లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. మన ‘ఆదిత్య 369’ 1991లోనే మనల్ని కాలయంత్రం ఎక్కించి రాయలవారి కొలువుకు తీసుకెళ్లింది. అయితే అందులో యంత్రం కళ్ల ముందే ఉంటుంది, కల్పన తాను కల్పననని చెప్పుకుంటుంది. కేజీఎఫ్ పద్ధతి వేరు. ప్రభుత్వం నిషేధించిన ‘ఎల్ డొరాడో’ అనే పుస్తకం, దాన్ని రాసిన పాత్రికేయుడు, అతన్ని ప్రశ్నలడిగే టీవీ ఛానల్, సంవత్సరాలు, దేశ ప్రధానిగా ఒక మహిళ. చరిత్ర ఏయే గుర్తులతో నమ్మకం కలిగిస్తుందో ఆ గుర్తులన్నీ ఇందులో ఉన్నాయి. పైగా పేరు కల్పితం కాదు. కేజీఎఫ్ అన్నది ఈ రోజుకీ రైలు టికెట్ కొనుక్కుని వెళ్లగలిగిన ఊరు. ఆ పేరు వాడుకున్న సినిమా వసూళ్లు వెయ్యి కోట్లు దాటాయి. ఊరి అసలు కథ మాత్రం కోలారు జిల్లా సరిహద్దు దాటి బయటికి రాలేదు.

సినిమాలో బంగారం 1951లో బయటపడుతుంది. నిజానికి అప్పటికే ఆ గనులకు డెబ్బై ఏళ్లు దాటాయి. 1802లో జాన్ వారెన్ అనే సైనికాధికారి, ఇక్కడి పల్లెజనం మట్టి కడిగి బంగారు రేణువులు తీయడం చూసి రాసిపెట్టాడు. 1875లో లావెల్ అనే మాజీ సైనికుడు మైసూరు సంస్థానం నుంచి తవ్వకాల అనుమతి పొందాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ రంగంలోకి దిగింది. ఈ గనుల కోసమే 1902లో శివనసముద్రం జలవిద్యుత్తును దాదాపు 150 కిలోమీటర్ల తీగల మీద ఇక్కడికి తెచ్చారు. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది ఆ తర్వాతే. 1956లో గనులు మైసూరు ప్రభుత్వం చేతికి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థకు వెళ్లాయి. 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. నూట ఇరవై ఏళ్లలో దాదాపు 800 టన్నుల బంగారం వచ్చింది. తెర మీద ఇటుకలు పేర్చినట్టు కనబడే బంగారం ఇక్కడ ఎప్పుడూ లేదు. తొలినాళ్లలో టన్ను రాయికి 45 గ్రాముల దాకా దొరికింది, ఆఖరుకు మూడు గ్రాముల చిల్లరకు పడిపోయింది. ఆ మూడు గ్రాముల కోసం ఛాంపియన్ రీఫ్ గనిలో మనుషులు మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగారు. అక్కడ రాయి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. పైనున్న కొండంత బరువుకు నొక్కుకుపోయిన రాయి ఒక్కోసారి బాంబులా పేలుతుంది.

ఆ లోతుకు దిగినవాళ్లలో ఎక్కువమంది అప్పటి ఉత్తర ఆర్కాటు ప్రాంతం నుంచి వచ్చిన దళితులు. తమిళం మాట్లాడేవాళ్లు, చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లు. ఊళ్లో పెత్తందారు పొలంలో తరతరాలుగా చాకిరీ చేసిన కుటుంబాలకు నెల తిరిగేసరికి చేతికి కూలి వచ్చే చోటు ఇది. గని నరకమని తెలుసు, ఊరు అంతకన్నా ఘోరమనీ తెలుసు. అన్నీ తూచుకుని, తమ కాళ్ల మీద తాము నడిచివచ్చినవాళ్లు వాళ్లు. నరాచిలో లాగా గొలుసులతో ఈడ్చుకొచ్చినవాళ్లు కారు. తమిళ దళిత చింతకుడు అయోతీదాస్ ప్రభావంతో ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలోనే గనుల దగ్గరి మారికుప్పంలో బౌద్ధ సంఘం వెలిసింది. తమ కులాన్ని తక్కువ చేసే మతాన్ని కాదని, చదువునూ ఆత్మగౌరవాన్నీ పట్టుకున్న కార్మికులు గని లైన్ల ఇరుకు ఇళ్లలో కూర్చుని పత్రికలు చదివారు. 1930లో యాజమాన్యం కూలీల వేలిముద్రలు తీసుకుని నమోదు చేసే పద్ధతి తెచ్చింది. దొంగలకు, నేరస్థులకు తీసినట్టు మా వేలిముద్రలు తీస్తారా అని వేలమంది పని ఆపేశారు. యూనియన్ లేని రోజుల్లో, బయటి నాయకుడు లేకుండా రెండు వారాలకు పైగా ఆ సమ్మె సాగింది. చరిత్రకారిణి జానకి నాయర్ మైసూరు సంస్థానపు కార్మికుల మీద రాసిన పుస్తకంలో ఈ ఘట్టం వివరంగా ఉంది. 1946లో పోలీసు కాల్పుల్లో కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. తర్వాతి కాలంలో ఈ ఊరు కమ్యూనిస్టులను, రిపబ్లికన్ పార్టీవాళ్లను శాసనసభకు పంపింది. వీళ్ల తరఫున మాట్లాడడానికి రాకీ అవసరం పడలేదు. ఎవరో వచ్చి విడిపించేదాకా వీళ్లు ఆగలేదు.

రెండో భాగం 2022 ఏప్రిల్ 14న విడుదలైంది. వరుస సెలవులు చూసుకుని నిర్ణయించిన తేదీ అయి ఉంటుంది, అందులో ఉద్దేశాలు వెతకను. కానీ అది అంబేద్కర్ జయంతి. సమ్మె చేసిన ఆ దళిత కార్మికుల మనవలు, మునిమనవలు కేజీఎఫ్‌లోని రాబర్ట్‌సన్‌పేటలో నీలిజెండా ఎగరేసి పూలమాల వేసే రోజు. అదే రోజు దేశమంతా వేలాది తెరల మీద వాళ్ల ఊరి పేరుతో, వాళ్ల తాతలు నోరెత్తకుండా ఒక దేవుడి కోసం ఎదురుచూశారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు మనసు కలుక్కుమంటుంది.

దీనికి మరో అభ్యంతరం ఉంది, ఇది బరువైనది. బానిసత్వమని పేరు పెట్టకపోయినా బతుకు బానిస బతుకే కదా, ఆ బాధను సినిమా పెద్దది చేసి చూపిందంతే కదా అని. బాధ నిజం. రాతి ధూళి పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ జబ్బును మన దేశంలో మొదట గుర్తించింది 1930లలో ఈ గని కార్మికుల్లోనే. దగ్గుతూ దగ్గుతూ నలభై ఏళ్లకే ముసలివాళ్లయినవాళ్ల ఊరది. సినిమాలోని చూపుపోయిన ముసలాయనను చూసి కన్నీళ్లు పెట్టుకున్న ప్రేక్షకుడు ఒక నిజాన్నే తాకాడు. అయితే బాధపడ్డవాళ్లుగా మాత్రమే గుర్తుపెట్టుకుంటే వాళ్లకు రెండోసారి అన్యాయం జరుగుతుంది. జాలి దూరం నుంచి కూడా పడవచ్చు. వేలిముద్ర వేయనని కూర్చున్న మనిషిని తలుచుకుంటే జాలి రాదు, గౌరవం వస్తుంది. తెలుగు ప్రేక్షకుడికి ఆ గౌరవం కొత్త కాదు. శ్రీశ్రీని చదువుకున్న జాతి మనది, కార్మికుడిని కథానాయకుడిగా చూడటం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

అలాంటి కథకు ఈలలు పడవని, జనం రారని అంటారు. 2024 ఆగస్టులో పా.రంజిత్ తీసిన ‘తంగలాన్’ తెలుగులోనూ వచ్చింది. అదే ఉత్తర ఆర్కాటు జనం, అదే బంగారం. అందులోనూ మాయలున్నాయి, మంత్రాలున్నాయి, అదీ కల్పనే. కానీ పలుగు పట్టినవాడే కథ నడిపాడు. వసూళ్లలో కేజీఎఫ్‌తో దానికి పోలిక లేకపోవచ్చు. కార్మికుడిని నడుమ నిలబెట్టినా ఊహకు రెక్కలు తెగవని మాత్రం అది రుజువు చేసింది. ఇక అబ్బురపరిచే సంగతులే కావాలంటే, ఈ గనిలో జరిగినంత అబ్బురం ఏ సినిమాలో ఉంది? ఆకాశం నుంచి వచ్చే విశ్వకిరణాలు మన గాలిపొరను తాకినప్పుడు న్యూట్రినోలనే కణాలు పుడతాయి. అవి భూమిని కూడా దూసుకుపోతాయి, దాదాపు దేనికీ చిక్కవు. వాటిని పట్టాలంటే మిగతా కిరణాలేవీ చేరలేనంత లోతు కావాలి. ప్రపంచంలో అంత లోతున్న చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, కోలారు వాటిలో ఒకటి. ఛాంపియన్ రీఫ్ గనిలో దాదాపు 2.3 కిలోమీటర్ల లోతున టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్, జపాన్‌లోని ఒసాకా, బ్రిటన్‌లోని డర్హమ్ శాస్త్రవేత్తలు కలిసి పరికరాలు అమర్చారు. 1965లో ఆ న్యూట్రినోల జాడ దొరికింది, ఆ ఫలితాన్ని ప్రపంచానికి మొదట చాటిన బృందాల్లో ఇదొకటి. ఎం.జి.కె.మేనన్, శ్రీకంఠన్‌లతో పాటు పి.వి.రమణమూర్తి పేరు కూడా ఆ పరిశోధన పత్రం మీద ఉంది. బంగారం కోసం తవ్విన గొయ్యిలో విశ్వం నుంచి వచ్చిన కణం దొరకడం కన్నా పెద్ద సైన్స్ ఫిక్షన్ కథ ఏముంటుంది! ఆ శాస్త్రవేత్తలకు తోడుగా ఆ లోతులో తిరిగినవాళ్లూ, సొరంగాన్ని నిలబెట్టి, ఊపిరాడేలా గాలి పంపినవాళ్లూ ఈ గని కార్మికులే.

సినిమా వల్లే కదా ఈ ఊరి పేరు అందరికీ తెలిసింది అంటే, అవును, అది నిజమే. 2001లో గనులు మూసినప్పుడు మూడు వేలకు పైగా కుటుంబాలు ఒక్క రోజులో వీధిన పడితే పట్టించుకోని దేశం, ఇప్పుడు ఆ ఊరి మీద ఆసక్తి చూపుతోంది. సైనైడ్ గుట్టల మీద ఫొటోలు దిగడానికి కుర్రాళ్లు వస్తున్నారు. ఆ గుట్టలు ఏమిటో మాత్రం వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు. రాయిని పిండి చేసి, సైనైడ్‌తో బంగారం తీసేశాక మిగిలిన మూడు కోట్ల టన్నులకు పైగా వ్యర్థం అది. ఎండాకాలం గాలి లేస్తే ఆ ధూళి చుట్టుపక్కల ఇళ్లలోకి, అన్నం గిన్నెల్లోకి వస్తుంది. ఆ గుట్టను తన అభిమాన కథానాయకుడి నేపథ్యంగా మాత్రమే చూసి వెళ్లిన కుర్రాడిని నేను తప్పుపట్టను. అక్కడొక బోర్డు పెట్టనివాళ్లను తప్పుపడతాను.

ఇది కర్ణాటక వ్యవహారం, మనకెందుకు అనుకోవడానికీ లేదు. కోలారు బంగారు పొర చిత్తూరు జిల్లాలోకి సాగింది. కుప్పం దగ్గరి చిగురుగుంట, బిసనత్తం గనులు, అప్పటి అనంతపురం జిల్లా రామగిరి గనులు కూడా భారత్ గోల్డ్ మైన్స్ కిందే నడిచాయి. కోలారు కథ ముగిసే నాటికి వాటి కథా ముగిసింది. ముళబాగిలు, శ్రీనివాసపురం సంతల్లో ఇవాళ్టికీ బేరం తెలుగులోనే సాగుతుంది. ఆ గనుల్లో పనిచేసినవాళ్లు డెబ్బై, ఎనభై ఏళ్ల వయసులో ఇంకా మన మధ్య ఉన్నారు. ఇప్పుడే వాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల మాటల్ని రికార్డు చేసుకోవాలి. రామగిరిలో, కుప్పంలో, కేజీఎఫ్‌లో ఒక్కో చిన్న ప్రదర్శనశాలకు ఒక పాత గని ఆఫీసు గది చాలు. అక్కడ గనిలోకి దింపే బోను, నెత్తిన పెట్టుకునే దీపం, 1930 సమ్మె కథ, 1965 నాటి న్యూట్రినో పరికరాల చిత్రాలు ఉంటే చాలు. రాకీ పోస్టర్ కూడా ఒక గోడన పెట్టవచ్చు, అదీ ఈ ఊరి కథలో భాగమే ఇప్పుడు.

రోజూ తెల్లవారుజామున మారికుప్పంలో రైలు ఎక్కి గని కార్మికుల పిల్లలు, మనవలు బెంగళూరుకు కూలికి, ఉద్యోగాలకు వెళతారు, చీకటిపడ్డాక తిరిగొస్తారు. కిక్కిరిసిన ఆ రైలే సెలవు రోజుల్లో అభిమానులను బంగారుపేట మీదుగా కోరమాండల్, ఊరుగాం, ఛాంపియన్ స్టేషన్లు దాటించి తెస్తుంది. నరాచి ఎక్కడండీ అని వాళ్లు మొదట అడిగేది ఆ బోగీలో పక్క సీట్లో కూర్చున్న మనిషినే.