సంకరం దోషమా?

ఇళయరాజా పేరెత్తగానే కొందరు సంగీత పెద్దల నోట వెలువడే మాట ఒక్కటే: "సంకరం". డ్రమ్ములు, గిటార్లు, వయొలిన్ల దండు, నడుమ ఒక రాగం. ఇదంతా కలగూరగంప అని వారి తీర్పు. ఆ మాటకు అర్థమేమిటో వారు ఒక్కసారైనా తరచి చూశారా?

మన ఆలంకారికులు అలంకారాల కలయికను రెండు విధాలుగా చెప్పారు. నువ్వులూ బియ్యమూ కలిసినట్లు దేనికది వేరుగా తెలిస్తే సంసృష్టి. పాలూ నీరూ కలిసినట్లు విడదీయరాకపోతే సంకరం. రెండూ కావ్యానికి శోభ కూర్చేవే. వీరు తిట్టుగా వాడుతున్నది శాస్త్రంలో ఒక అలంకారం పేరు!

పోనీ, సంప్రదాయం ఒప్పదందామా? ముత్తుస్వామి దీక్షితులవారు పాశ్చాత్య బాండు వరుసలకు సంస్కృత సాహిత్యం కూర్చారు. అవే నొట్టుస్వరాలు. వారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఫిడేలును మన సంగీతానికి అలవరచినవారిలో ప్రథమగణ్యులు. శుద్ధిని గూర్చి ఉపన్యసించే విద్వాంసుని పక్కనే ఆ పరదేశి వాద్యం కూర్చుని పలుకుతూ ఉంటుంది!

ఇళయరాజా ధన్‌రాజ్ మాస్టరు వద్ద పాశ్చాత్య సంగీతమూ, టి.వి. గోపాలకృష్ణన్ గారి వద్ద కర్ణాటక సంగీతమూ అభ్యసించినవాడు. 1986లో వెలువరించిన 'హౌ టు నేమ్ ఇట్'ను త్యాగరాజస్వామికీ, బాఖ్‌కూ అంకితమిచ్చాడు. 2025 మార్చి 8న లండనులో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా ఆయన 'వేలియంట్' సింఫనీని వినిపించింది. రెండు గడపలూ వినయంతో తొక్కినవాడాయన.

1985 నాటి 'సింధుభైరవి' తమిళ చిత్రంలో జానపద ధోరణిలో ఎత్తుకున్న పాట చివరకు 'మరి మరి నిన్నే' కృతిలోకి చేరుతుంది. దేనికది తెలుస్తూనే ఉంటుంది. సంసృష్టికి ఇంతకంటె ఉదాహరణ ఏది? 1989లో వచ్చిన మన 'గీతాంజలి'లో తీగవాద్యాల సమూహమూ, పాప్ సంగీతపు తాళవాద్యాలూ, మన రాగచ్ఛాయలూ విడదీయరానంతగా కలిసిపోయాయి. అది సంకరం. వాద్యాలెన్ని మ్రోగినా వేటూరి వారి అక్షరం ఒక్కటీ మరుగున పడలేదు. తెలుగు పంతులుగా నాకు ముఖ్యమైనది ఇదే.

ఒక్క ఆక్షేపణ న్యాయమైనది. కాంభోజిలోని ఆ త్యాగరాజ కృతిని చిత్రంలో సారమతికి మార్చారు. కచేరీ వేదికపై ఎవరైనా ఆ పని చేస్తే నేనూ ఒప్పుకోను. పాఠాంతరాన్ని కాపాడటం శిష్యపరంపర ధర్మం. అయితే జానపదమూ కృతీ ఒకే రాగంలో కలియాలన్నది అక్కడి కథకు ప్రాణం. కథ కోరిన మార్పునూ, గాయకుని అలసత్వంవల్ల వచ్చే మార్పునూ ఒకే గాట కట్టరాదు.

నా కోపమంతా వేరేచోట ఉన్నది. ఒక కృతి తీసుకొని, దానికి యంత్రపు దరువు తగిలించి, 'ఫ్యూజన్' అని పేరు పెట్టేవారిని చూస్తున్నాము. రాగం నేర్వరు, హార్మొనీ నేర్వరు. 'ళ'కూ 'ల'కూ, 'ణ'కూ 'న'కూ భేదం పాటించరు. ఒత్తులు మింగేస్తారు. పదాన్ని ఎక్కడ విరిచితే అర్థం చెడుతుందో వారికి పట్టదు. ఇది సంకరమూ కాదు, సంసృష్టీ కాదు. పాలలో ఉప్పు కలిపితే మిగిలేది విరుగుడు మాత్రమే.

కనుక పెద్దలకు నా మనవి. కలిపాడా లేదా అని అడగకండి. కలిపినవాడికి రెండు విద్యలూ వచ్చునా? సాహిత్యం చెక్కుచెదరకుండా నిలిచిందా? ఈ రెండే అడగండి. ఈ కొలతతో చూస్తే ఇళయరాజా నెగ్గుతాడు. శుద్ధ సంప్రదాయమని చెప్పుకుంటూ తెలుగు కృతిని అర్థం తెలియక పాడేవారిలో ఎందరు నెగ్గుతారో వారే చెప్పాలి.