కౌలేయకానికి గొలుసెందుకు?

మూడు వారాల క్రిందట మా ఎదురింటి రాకీ పాలు పోసే కుర్రవాణ్ణి కరిచింది. పిక్కలో పళ్ళు దిగాయి. నేను వెళ్ళేసరికి ఎవరో పుణ్యాత్ములు గాయానికి పసుపు, కారం అద్దడానికి సిద్ధంగా ఉన్నారు. వారిని ప్రక్కకు జరిపి, కుర్రవాణ్ణి కొళాయి క్రింద కూర్చోబెట్టి, గడియారం చూసి మరీ 15 నిమిషాలు సబ్బుతో కడిగించి, ప్రభుత్వాసుపత్రికి పంపించాను. గాయం చుట్టూ ఒక మందు ఎక్కించి, టీకా మొదటి విడత వేశారు. ఆ తరువాత 3వ రోజు, 7వ రోజు వెళ్ళి వచ్చాడు. 28వ రోజుది ఇంకా మిగిలే ఉన్నది. వెళ్ళిన ప్రతిసారీ ఆ పూట పాలబేరం పోయినట్లే. రాకీకి రేబిస్ టీకా వేయించి ఎన్నాళ్ళయిందని అడిగితే ఎదురింటాయన కొంచెం ఆలోచించి, "రెండేళ్ళు దాటి ఉంటుంది మాస్టారూ" అన్నారు.

ఆ సాయంత్రమే ఆయన ఒక నిశ్చయానికి వచ్చారు. "ఎంత పెట్టినా కుక్క కుక్కే మాస్టారూ. ఆదివారం కారులో వేసుకువెళ్ళి బైపాసు అవతల వదిలేసి వస్తాను." కరిచిన కుక్కను పది రోజులపాటు కంటికెదురుగా ఉంచుకొని గమనించాలని ఆసుపత్రిలో చెప్పారు గనుక ఆ ఆదివారం గడిచింది. ఈలోగా ఆయనకు ముఖాముఖి చెప్పిన మాటలనే ఇక్కడ వ్రాస్తున్నాను. చాటున చెప్పేది ఏమీ లేదు.

రాకీ వయస్సు ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళూ గేటు ప్రక్క స్తంభానికి నాలుగడుగుల ఇనుప గొలుసుతోనే గడిచాయి. ఉదయం పదింటిదాకా ఎండ, తరువాత గోడ నీడ, మూడింటికి మళ్ళీ ఎండ. తిండి అక్కడే, నిద్ర అక్కడే, విసర్జన అక్కడే. గేటు బయట పిల్లి పోయినా, మనిషి పోయినా, ఊరేగింపు పోయినా అది చూడగలదు, వెళ్ళలేదు. వాసన చూచి 'ఇతడు మనవాడు' అని తెలుసుకొనే అవకాశం దానికి ఒక్కనాడూ రాలేదు. దగ్గరకు వచ్చేదేదో తెలియనప్పుడు ప్రాణికి రెండే దారులు: పారిపోవడం, లేదా మీదపడడం. మొదటి దారిని మనం గొలుసుతో మూసివేశాము. మొరిగే కుక్క కరవదని సామెత కట్టినవాడు గొలుసుకు కట్టిన కుక్కను చూచి ఉండడు.

"కాపలాకే కదా తెచ్చింది" అంటారు. కొరియరు అబ్బాయికీ, కూరల బండికీ, ఎగిరే కాకికీ ఒకే తీరున మొరిగే కుక్క రాత్రి రెండు గంటలకు మొరిగితే ఎవరు లేస్తారు? ఆయన లేవరు, నేనూ లేవను. ఒకవేళ దొంగే వచ్చినా నాలుగడుగుల అవతల నిలబడి తన పని తాను చూసుకొంటాడు.

నేను చదువుకొన్న చదువు వ్యాకరణం గనుక ఆ సంగతి ఒకటి చెప్పక తప్పదు. కుక్కకు సంస్కృతంలో శునకము, శ్వానము, సారమేయము, కుక్కురము, భషకము వంటి పేర్లెన్నో ఉన్నాయి. వీటిలో 'కౌలేయకము' నాకు మిక్కిలి ఇష్టమైనది. పాణిని అష్టాధ్యాయి నాలుగవ అధ్యాయం రెండవ పాదంలో ఒక సూత్రంతో మూడు మాటలను సాధించాడు. కులము నుండి కౌలేయకము, అనగా కుక్క. కుక్షి నుండి కౌక్షేయకము, అనగా ఖడ్గము. గ్రీవ నుండి గ్రైవేయకము, అనగా కంఠాభరణము. కుక్కకు ఆయన మూలంగా తీసుకొన్న మాట కులము. ఇక్కడ కులమంటే ఇల్లు, కుటుంబము. ఇంటికి చెందినది కుక్క. కత్తి వేరు, నగ వేరు. ఆ మూడింటినీ వేరు వేరు అర్థాలలో నిలిపాడు మహర్షి. మనం కలిపివేశాము. మా వీధిలో సగం కుక్కలు కత్తులు, మిగిలిన సగం నగలు.

నగల సంగతి త్వరగా ముగిస్తాను. 2003లో ఒక సెల్‌ఫోను సంస్థ ప్రకటనలో చిన్నపిల్లవాడి వెంట నడిచిన పగ్గు కుక్కను చూచి ఊరూరా పగ్గులు కొన్నారు. ఆ నొక్కుకుపోయిన ముక్కుతో అది చల్లని దేశంలోనే ఊపిరికి అవస్థ పడుతుంది. తరువాత హస్కీలు వచ్చాయి. సైబీరియా మంచులో బండ్లు లాగడానికి రెండు పొరల బొచ్చు పెంచుకొన్న జాతి అది. దానిని బెజవాడ ఎండలోకి తెచ్చి, కరెంటు పోయినప్పుడు విసనకర్రతో విసురుతున్నారు. మన నేలకు అలవాటుపడిన ముధోలు, రాజపాళయం జాతులను 2005లో తపాలా శాఖ బిళ్ళల మీద అచ్చువేసింది. మన వాళ్ళు ఆ బిళ్ళలను నాలుకతో తడిపి కవరుకు అంటించి ఊరుకొన్నారు. ఇక నాటుకుక్క సంగతి చెప్పనక్కరలేదు. దానిని కొనవలసిన పని లేదు గనుక దానికి విలువ లేదు.

తిండి దగ్గరకు వస్తాను. "మా రాకీ శుద్ధ శాకాహారి, పెరుగన్నం తప్ప ముట్టదు" అని ఎదురింటాయన గర్వంగా చెప్పుకొంటారు. వేరొకటి పెడితే కదా ముట్టడమో మానడమో తెలిసేది! అన్నం విషమేమీ కాదు. మనిషి దగ్గర చేరిన కుక్క తోడేలుకంటె పిండిపదార్థాన్ని చక్కగా అరిగించుకోగలదని 2013లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. కాని వట్టి పెరుగన్నంతో కండ నిలవదు, వెంట్రుక నిగనిగలాడదు. రాకీ వీపు మీద చేయి వేస్తే వెన్నుపూసలు లెక్కపెట్టవచ్చు. మాది గుడ్డు వండని ఇల్లు. మా సరమ వచ్చాక నా భార్య పెరటిలో వేరే పొయ్యి, వేరే గిన్నె పెట్టింది. గుడ్డు ఉడకబెట్టి, ముఖం ప్రక్కకు త్రిప్పుకొని, పెంకు ఒలిచి అన్నంలో కలుపుతుంది. ఆచారం ఆచారమే, ఆకలి ఆకలే. మాంసం ముట్టని వారు పశువైద్యుణ్ణి అడిగి కొలత ప్రకారం పెట్టవచ్చు. అడగకుండా పెట్టడమే తప్పు.

ఇంకొక మాట. మనం ప్రేమతో పెట్టేవాటిలోనే ప్రమాదం ఉన్నది. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క రక్తకణాలను విరగగొడతాయి, కనుక మిగిలిన సాంబారు దానికి పోయరాదు. ద్రాక్షపండ్లు, పాయసంలో వేసే ఎండుద్రాక్ష మూత్రపిండాలను చెడగొట్టవచ్చు. చాకొలెట్టు గుండెకూ నరాలకూ చేటు. ఉడికించిన కోడి ఎముక సూదులుగా చీలి పేగులో గుచ్చుకొంటుంది. పండుగనాడు 'పాపం, దానికీ పెట్టండి' అని విస్తరిలో మిగిలినదంతా పోగుచేసి వేసే అమ్మలకు ఇది ముఖ్యంగా చెబుతున్నాను. పెరిగిన కుక్కకు రోజుకు రెండుసార్లు వేళకు తిండి, పిల్లకు మూడు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా, నీళ్ళు మాత్రం ఎల్లవేళలా ఉండాలి. గోమార్లకు పొలానికి కొట్టే మందు పూసే మహానుభావులు కూడా ఉన్నారు. కుక్క ఒళ్ళు నాకుకొంటుందని వారికి తోచదు.

శిక్షణ అంటే మా వీధిలో రెండే ఉపకరణాలు: కర్ర, ఆంగ్లం. "సిట్! నో! కమాన్! గో!" తెలుగు రాని పిల్లలు మా వీధిలో ఉన్నారు, తెలుగు వచ్చిన కుక్క మాత్రం ఒక్కటి లేదు. (మా సరమను మినహాయించండి.) నిజానికి కుక్కకు భాషాభిమానం లేదు. దానికి కావలసినది ఒక పనికి ఒకే మాట. తండ్రి "కూర్చో" అని, కొడుకు "సిట్" అని, అమ్మ "అలా పడి ఉండవే" అని మూడు పాఠాంతరాలు వినిపిస్తే ఏ శిష్యుడు మాత్రం నేర్చుకొంటాడు? చెప్పిన పని చేసిన క్షణంలోనే చిన్న ముక్క నోటికి అందాలి. రెండు నిమిషాల తరువాత ఇస్తే అది వేరే పనికి బహుమానమవుతుంది. శిక్ష సంగతీ అంతే. పొద్దున్న వరండాలో తడిపిందని సాయంత్రం ఆఫీసునుండి వచ్చి ముక్కు నేలకు రాచి కొడితే, 'ఈయన ఇంటికి వస్తే దెబ్బలు పడతాయి' అని మాత్రమే నేర్చుకొంటుంది. ఆయన చెప్పదలచిన పాఠం అది కాదు కదా. పిల్లగా ఉన్నప్పుడు, సుమారు మూడవ వారం నుండి పధ్నాలుగవ వారం వరకు, మనుషులనూ బండ్లనూ శబ్దాలనూ నెమ్మదిగా పరిచయం చేయాలి. ఆ వయస్సులో రాకీ ఒక అట్టపెట్టెలో ఉన్నది.

"కుక్క తోక వంకర" అన్నారు ఎదురింటాయన. వంకరగా ఉంటే వచ్చిన నష్టమేమిటి? తోకను ఎవరు సరిచేయమన్నారు? సుమతీశతకకారుడు శునకాన్ని సింహాసనం ఎక్కించి మరీ దాని గుణం మారదని తీర్పు చెప్పాడు. ఆ పద్యాన్ని ముప్పై ఏళ్ళకు పైగా నేనే పిల్లలచేత కంఠస్థం చేయించాను. కాని అదే తరగతిలో ఆదిపర్వం కూడా చెప్పాను. జనమేజయుని యాగశాలలో ఏ తప్పూ చేయని సారమేయుణ్ణి రాజు తమ్ములు కొట్టారు. తల్లి సరమ రాజసభకు వచ్చి 'నా బిడ్డ చేసిన తప్పేమిటి' అని అడిగింది. సభ బదులు చెప్పలేకపోయింది. ఆ భారతమే చివరకు వచ్చేసరికి, కుక్కను విడిచి స్వర్గరథం ఎక్కనన్నాడు ధర్మరాజు. ఈ రెండు కథలనూ పరీక్షకు వచ్చే ప్రశ్నలుగా మాత్రమే చెప్పినవాణ్ణి నేను.

అలా ఎందుకు అంటున్నానో చెప్పవలసి ఉన్నది. 1989లో, నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, ఒక పల్లెలో అద్దె ఇంట మోతీ అనే నాటుకుక్కను పెంచాను. పెంచానంటే పెరటిలో గుంజకు కట్టాను. నాలుగేళ్ళు. గొలుసు పొడవు మేరకు గుంజ చుట్టూ నేల గుండ్రంగా అరిగి, వానాకాలంలో కూడా అక్కడ గడ్డి మొలిచేది కాదు. 1993 మే నెలలో ఒక మధ్యాహ్నం మూల్యాంకన విధులనుండి వచ్చేసరికి నీళ్ళ మూకుడు తిరగబడి ఉన్నది. గొలుసు గుంజకు చుట్లు చుట్టుకొని, జానెడు దూరంలో ఉన్న నిమ్మచెట్టు నీడ దానికి అందలేదు. కుక్కకు మనవలె ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పి వేడిని పోగొట్టుకోవాలి. రొప్పే శక్తి కూడా మోతీకి అప్పటికి లేదు. ఒళ్ళు తడిపి గాలి తగిలేట్లు చేసి పరుగున వైద్యుని వద్దకు తీసుకుపోవాలని నాకు తెలియదు. నోట్లో నీళ్ళు పోస్తూ కూర్చున్నాను. దీపాలు పెట్టేవేళకు పోయింది. మర్నాడు బడిలో ఎవరికీ చెప్పలేదు. కుక్క పోయిందని మాస్టారు బాధపడితే నవ్వుతారని.

ఇది నా ఒక్కడి తప్పనీ, ఎదురింటాయన ఒక్కరి తప్పనీ అనను. చట్టానికి ఇది తెలియని విషయమూ కాదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షనులో, మరీ పొట్టి గొలుసుతో, మరీ బరువైన గొలుసుతో ఎడతెగకుండా కట్టి ఉంచడం నేరమని ఉన్నది. ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం కూడా, కుక్క పేరు ఎత్తి మరీ, నేరమేనని ఉన్నది. మొదటి తప్పుకు జుల్మానా ఎంతో తెలుసునా? పది రూపాయలకు తగ్గకుండా, యాభై రూపాయలకు మించకుండా! ఈనాడు అర లీటరు పాలకు చాలుతుందేమో. పెంచుకొన్న జంతువును తిండి లేక అలమటించేట్లు అకారణంగా వదిలివేయడం కూడా అదే సెక్షనులో నేరం. 2025 ఆగస్టులో ఢిల్లీ వీధికుక్కలపై సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల గురించి దేశమంతా వాదులాడుకొంటున్నప్పుడు ఎదురింటాయన కూడా వీధికుక్కల బెడద మీద గట్టిగా మాట్లాడారు. బైపాసు అవతల ఆయన వదలబోయే రాకీ మర్నాటినుండి ఎవరి వీధికుక్క?

పది రోజులు గడిచాయి, రాకీ ఆరోగ్యంగానే ఉన్నది. టీకా వేయించాము. నేను అడిగిన మీదట ఆయన ఒక నెల గడువిచ్చారు, నేటికి పదకొండు రోజులయింది. ఉదయం ఐదున్నరకు, తారురోడ్డు కాలక ముందే, మూతికి బుట్ట తొడిగి, ఆరడుగుల పట్టెడతో రాకీని చెరువుగట్టుదాకా తిప్పుతున్నాను. మొదటి రెండు రోజులు నన్నే లాగింది. నాలుగవ రోజు ఒక చెట్టు దగ్గర పది నిమిషాలు వాసన చూస్తూ నిలబడిపోయింది, నేనూ నిలబడ్డాను. "కూర్చో" ఇంకా రాలేదు. "ఆగు" వచ్చింది. నిన్న పాలకుర్రవాడు సైకిలు దూరంగా ఆపి, మా సరమ గిన్నెలోని గుడ్డుముక్క ఒకటి విసిరాడు. రాకీ తిన్నది, తిని మళ్ళీ మొరిగింది. వాడు నవ్వాడు గాని దగ్గరకు రాలేదు. వాణ్ణి నేను రమ్మనలేదు. ఎదురింటాయన మేడమీదనుండి చూస్తున్నారు. ఈ ఆదివారం గేటు లోపలి ఖాళీ స్థలంలో తడిక కట్టి గొలుసు తీసివేద్దామని అడిగాను. వెదురు నేనే తెస్తానన్నాను. "చూద్దాం మాస్టారూ" అన్నారు.