తీరము దాటిన తుపాను, గడప దాటని హెచ్చరిక

హెచ్చరిక వినోదము కాదు, ఋణము. తెలిసినవాడు తెలియనివానికి వేళ మించకమునుపే తీర్పవలసిన ఋణము. బంగాళాఖాతమున వాయుగుండము పుట్టిన ప్రతిపర్యాయము మన తెలుగు వార్తాచానళ్లు ఈ ఋణమును తీర్చుచున్నట్లు కనబడుచునే ఎగవేయుచున్నవి. రేయింబవళ్లు తెరపై అలలు లేచును, కంఠములు కేకలు వేయును. ఇంత సందడి ముగిసిన పిమ్మట నరసరావుపేట చెంత ప్రత్తిచేనిలో నిలిచిన రైతు “నా చేనిమీద ఎంత వాన? ఎప్పుడు?” అని యడిగినచో ప్రత్యుత్తరము లేదు.

వారు చూపునదేమి? సూర్యలంక తీరమందో, ఉప్పాడ దారిలోనో, మచిలీపట్టణపు రేవుకడనో ఒక విలేఖరి వానకోటు ధరించి నిలుచును. గాలికి తూలుచు, అలవైపు వ్రేలు చూపుచు, తాను తడిసితినని లోకమునకు చాటును. 2023 జూనులో బిపర్జోయ్ తుపాను గుజరాతును సమీపించినప్పుడు ఒక హిందీ చానలు యాంకరు స్టూడియో కప్పు క్రిందనే గొడుగు పట్టి తూలిన దృశ్యమును చూచి దేశము నవ్వెను. ఈ జాడ్యము మనకే పరిమితము కాదు. 2018 సెప్టెంబరులో అమెరికాను ఫ్లోరెన్స్ హరికేను తాకినప్పుడు ఒక విలేఖరి నిలువలేనట్లు ఊగుచుండగా, అతని వెనుక ఇద్దరు మనుష్యులు నింపాదిగా నడచిపోయిరి. నవ్వుట సులభమే. ఆ నవ్వుమాటున నష్టపోవువాడెవడో విచారింపవలదా?

న్యాయస్థానమున సాక్షి తాను చూచినది మాత్రమే చెప్పవలెను. శాస్త్రవిషయమున అభిప్రాయము చెప్పదలచినవాడు ఆ శాస్త్రమున నిపుణుడై యుండవలెను. 1872 నాటి సాక్ష్యచట్టపు 45వ సెక్షనులోని యీ నియమమే 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమున 39వ సెక్షనుగా నిలిచినది. తడిసిన కోటు తానున్నచోట వాన కురిసినదని మాత్రమే రుజువు చేయును. మాచర్లలో రేపు కురియబోవు వానకు అది సాక్ష్యము కాదు. పొలముగట్టు తగాదాలో చెల్లని సాక్ష్యము పల్నాటి పంటల విషయమున చెల్లుచున్నదే! ఇది యేమి న్యాయము?

చెప్పదగిన విషయము లేక వారిట్లు చేయుచున్నారా? లేదు. 1875లో నేర్పడిన భారత వాతావరణశాఖ తుపాను ప్రకటనలను నాలుగు మెట్లుగా వెలువరించుచున్నది. 72 గంటల ముందు తొలి మెలకువ; 48 గంటల ముందు అప్రమత్తత; 24 గంటల ముందు హెచ్చరిక; తీరము దాటుటకు కనీసము 12 గంటల ముందు నాలుగవది. తీరము దాటిన పిదప తుపాను నేలపై ఏ దారిన సాగును, లోపలి జిల్లాలలో ఎట్టి గాలివానలు కలుగును అనునదే నాలుగవదాని విషయము. పాఠకులారా! ఆ నాలుగవ ప్రకటన మనది. నరసరావుపేటది, గురజాలది, మాచర్లది. దానినే చానళ్లు మ్రింగివేయుచున్నవి. “తీరము దాటిన తుపాను” అని శీర్షిక వేసి కెమెరాలు మూటగట్టుకొని మరలిపోవుచున్నవి. సమను మన పేర వ్రాయబడినది. జారీ మాత్రము సముద్రపుటొడ్డున జరిగినది. పిదప ప్రతివాది హాజరు కాలేదని దోషము మనపై మోపుదురు!

బాపట్లకు నరసరావుపేట వంద కిలోమీటరులైన లేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తీవ్ర తుపాను బాపట్లకు దక్షిణమున తీరము దాటెను. తుపాను బలహీనపడినదను మాట విని నల్లరేగడి నీరు పీల్చుట మానదు. కాయ పగిలి విచ్చిన ప్రత్తి తడిసినచో రంగు మారును, ధర పడును. మిరపచేనిలో నీరు నిలిచినచో వేరు కుళ్లును. ముందునాడు చల్లిన యెరువు, కొట్టిన మందు వాగుపాలగును. ఇందు ఎంతభాగము కౌలురైతు అప్పు తెచ్చి పెట్టిన సొమ్మో చెప్పనక్కరలేదు. ఒక్కదినము ముందు తెలిసినచో ప్రత్తి తీయించుకొనవచ్చును, మందు ఆపుకొనవచ్చును, కాలువ త్రవ్వి చేనినీటికి దారి చేయవచ్చును, నాగులేటి చప్టాపైకో చంద్రవంక చప్టాపైకో బండి తోలక నిలుపుకొనవచ్చును. ఆ యొక్కదినమే మననుండి అపహరింపబడుచున్నది.

పేరుగల తుపానే ప్రమాదకరమనుటయు భ్రాంతియే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ మునిగినది. ఆనాటి వానలను తెచ్చినది కళింగపట్టణము చెంత తీరము దాటిన వాయుగుండము. తుపాను స్థాయికి రాలేదు గావున దానికి పేరైన లేదు. మరునాడు ప్రకాశము బ్యారేజీగుండ 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద సాగెను. 2016 సెప్టెంబరులో మన సత్తెనపల్లి, క్రోసూరు ప్రాంతములను ముంచిన వానకును పేరు లేదు. సముద్రమునకు దూరముగా నున్నామను ధీమాయు నిలువదు. 2024 సెప్టెంబరు 26న ఫ్లోరిడా తీరమును తాకిన హెలీన్ హరికేను, వందలమైళ్ల యెడమున నున్న ఉత్తర కరోలినా కొండసీమను వరదపాలు చేసెను. ఆ యొక్క రాష్ట్రముననే నూఱుమందికి పైగా మరణించిరి.

తీరవాసుల ప్రాణములు ముఖ్యములు కావా యని కొందరందురు. ముమ్మాటికి ముఖ్యములే. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి వేలకొలది ప్రజలను పొట్టన పెట్టుకొన్నది. ఆ గాయమును తెలుగుజాతి మరువజాలదు. నేడు తీరగ్రామములు ముందుగా ఖాళీ చేయబడి వేలకొలది ప్రాణములు నిలుచుచున్నవన్న, అది శాస్త్రజ్ఞులయొక్కయు, గ్రామోద్యోగులయొక్కయు పుణ్యము. కేకలు వేసినవారిది కాదు. ఆ కేకలు తీరవాసికిని హానియే. ప్రతి అల్పపీడనమునకు ప్రళయమను పేరు పెట్టిన, “నాన్నా పులి” యను కథలోని పిల్లవానివలె, నిజముగా పులి వచ్చిననాడు పిలుపు వినువారుండరు.

టెలివిజను పనికిమాలినదని మా వాదము కాదు. 1992 ఆగస్టులో ఆండ్రూ హరికేను మయామిపై విరుచుకొనిపడినప్పుడు స్థానిక చానలు వాతావరణ నిపుణుడు బ్రయన్ నార్‌క్రాస్ 23 గంటలపాటు తెరపైనుండి, ఇంటిలో ఏ గదిలో దాగవలయునో, పరుపు నెట్లు అడ్డుపెట్టుకొనవలయునో శాంతస్వరమున చెప్పెను. చెన్నై ప్రాంతీయ వాతావరణ కేంద్రాధికారిగా నుండిన ఎస్.ఆర్. రమణన్ గారి నిదానమైన మాటకై తమిళదేశము ఎదురుచూచెడిది. అరవకయే నమ్మింపగలిగినవారు వీరు. మన తెరలపై అట్టి శాస్త్రజ్ఞుడు అరుదు. విశేషణములు మాత్రము పుష్కలము. “అతి భారీ” యనునది యాంకరు ఇష్టమునకు విడిచిన విశేషణము కాదు. 24 గంటలలో 115.6 మొదలు 204.4 మిల్లీమీటర్లవరకు గల కొలత. పసుపు గమనింపుమని, నారింజ సిద్ధపడుమని, ఎఱుపు కార్యమునకు దిగుమని యర్థము. ఈ నాలుగు మాటలు చెప్పుటకు నిమిషము చాలదా?

చట్టము మనకు తోడుగనే యున్నది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టపు 54వ సెక్షను, విపత్తునుగూర్చి గాని దాని తీవ్రతనుగూర్చి గాని తప్పుడు హెచ్చరిక వ్యాపింపజేసి భయోత్పాతము కలిగించినవానికి ఒక సంవత్సరమువరకు జైలు గాని జుల్మానా గాని విధించుచున్నది. 67వ సెక్షను ప్రకారము, హెచ్చరికలను ప్రసారము చేయుడని చానళ్ల నాదేశింపుమని జిల్లా ప్రాధికార సంస్థ ప్రభుత్వమునకు సిఫారసు చేయవచ్చును. ఆదేశము వెలువడిన చానళ్లు శిరసావహింపవలసినదే. ఆ సంస్థకు అధ్యక్షులు కలెక్టరుగారు. 2022 ఏప్రిల్ 4న నేర్పడిన మన జిల్లాకు కలెక్టరు కచ్చేరి నరసరావుపేటలోనే యున్నది. అడుగుటకు దూరాభారము లేదు.

కావున మేము కోరునవి మూడే. తుపాను తీరము దాటిన పిదప మరియొక దినమంతయు లోపలి జిల్లాల సూచనలను గంటగంటకు ప్రసారము చేయవలెను. ప్రతి సూచనతోను అది ఏ వేళ వెలువడిన ప్రకటనయో, అందు సందేహాంశమెంతయో చెప్పవలెను. శాస్త్రము తెలిసినవాని నొక్కనినైన తెరపై కూర్చుండబెట్టవలెను. ఇవి భిక్షలు కావు, హక్కులు. నెలనెల చందా కట్టి మనము కొనుచున్నది సమాచారమే గాని స్టూడియో సుడిగాలి కాదు.

పల్నాటి సోదరులారా! రానున్న తుపానుకాలమునకు ముందే గ్రామసభలలో తీర్మానములు చేసి కలెక్టరుగారికి పంపుడు. చానళ్లకు ఉత్తరములు వ్రాయుడు. తీరపు కెరటమును చూపిన కెమెరా మన చేనిగట్టును కూడ చూడవలసినదేయని నిర్భయముగా నడుగుడు. ఆకాశము మన చేతిలో లేదు. ఆకాశవార్త మన చెవికి చేరుట మాత్రము మన చేతిలోనే యున్నది.