రంగులూ నేనూ – 4: మా అమ్మ ఏ రంగు?



గత మూడు భాగాల్లో పోస్టర్ల గురించి రాశాను. ఈసారి చర్మం రంగు గురించి, వీడియో గేమ్స్ గురించి రాస్తానంటే ఒక తమ్ముడు ఇన్‌బాక్స్‌లో అడిగాడు: "మనకి ఇన్ని సమస్యలుంటే గేమ్స్ గోలేంటన్నా?" చదివాక నువ్వే చెప్పు తమ్ముడూ.

నేను డిజైన్ చదువుకున్నోణ్ణి కాదు. సంఘం పోస్టర్లకి డబ్బుల్లేక నేర్చుకున్న పని, తర్వాత సరదా అయింది. రాత్రిళ్ళు క్రిటాలో బొమ్మలేస్తా, గోడో ఇంజిన్‌లో చిన్న చిన్న గేమ్స్ చేస్తా. అంతే.

అమ్మ పోయినప్పుడు పెద్దకర్మకి ఫ్లెక్సీ వేయించాం. ఆ స్థితిలో నేను కూర్చుని చేయలేక ఫోటో షాపుకి పంపాను. వచ్చిన ఫ్లెక్సీలో అమ్మ తెల్లగా ఉంది. ముప్పై ఏళ్ళు నాట్లేసి, కలుపు తీసిన మనిషి మొహం మీద ఎండ జాడే లేదు. చెల్లి చూసి, "ఈమె ఎవరన్నా?" అంది. షాపు కుర్రాడికి ఫోన్ చేస్తే, "అందరికీ అలాగే చేస్తానన్నా, ఇంతవరకు ఎవరూ వద్దనలేదు" అన్నాడు. అతనూ మన పేట కుర్రాడే. తిట్టడానికి నోరు రాలేదు. ఆ చేతికి ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందనేదే ఇప్పటికీ నా ప్రశ్న.

ఆ రాత్రి రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూశాను. కంప్యూటర్‌లో రంగుని మూడు కొలతలతో చూడొచ్చు. అది ఏ రంగు అనేది హ్యూ, ఎంత చిక్కన అనేది సాచురేషన్, ఎంత వెలుతురు అనేది వాల్యూ. అమ్మ అసలు చెంపకీ, తెల్లగా మార్చిన చెంపకీ హ్యూ దాదాపు ఒకటే. ఎరుపుకీ పసుపుకీ మధ్య, నారింజ దగ్గర. తర్వాత నా దగ్గరున్న ఫోటోలన్నీ చూశాను. నల్లనివాళ్ళు, చామనఛాయవాళ్ళు, తెల్లనివాళ్ళు అందరూ ఆ కాస్త చోటులోనే ఉన్నారు. తేడా అంతా చిక్కదనంలో, వెలుతురులో. మామూలు స్క్రీన్ చూపించగల రంగులు 1,67,77,216. అన్ని రంగుల్లో మనుషులందరిదీ ఒకటే వాడ!

ఇప్పుడు గేమ్స్‌కి వద్దాం. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లు. ఇప్పుడు మన ఫోన్‌లో ఒక ఫోటో అంతకన్నా పెద్దది. చోటు చాలక వాళ్ళొక ఉపాయం చేశారు. అందులో మేఘం, పొద రెండూ ఒకే బొమ్మ. తెలుపు వేస్తే పైన మేఘం, పచ్చ వేస్తే కింద పొద. దీన్ని పాలెట్ స్వాప్ అంటారు. గేమ్‌లో అది తెలివైన పొదుపు. మన సమాజం మాత్రం ఒకే ఆకారం ఉన్న మనుషుల్ని తీసుకుని కొందరిని పైన, కొందరిని కింద పెట్టింది. దానికి పెట్టిన పేరు వర్ణం. ఆ మాటకి రంగు అనే అర్థమూ ఉంది.

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. కులం అంటే చర్మం రంగు కాదు. పంజాబ్ బ్రాహ్మణుడూ, పంజాబ్ చమారూ ఒకే జాతి మూలం వాళ్ళని బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లోనే తేల్చారు. మన ఊళ్ళల్లో చూసినా అంతే, ఏ కులంలోనైనా అన్ని ఛాయలూ ఉంటాయి. అయినా "చూస్తే మీవాళ్ళలా లేవే" అనే మాట హాస్టల్లోనో, ఆఫీసులోనో విననివాళ్ళు మనలో ఎంతమంది? అంటే వాళ్ళ మనసులో మనకంటూ ఒక పాలెట్ ముందే ఫిక్సయి ఉంది.

స్క్రీన్ కూడా అంత అమాయకమైంది కాదు. ఒకప్పుడు ఫోటో ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ ఇచ్చిన కార్డుల మీద ఉన్నది తెల్లజాతి స్త్రీ. 'షర్లీ కార్డు' అనేవాళ్ళు. ఆమె చర్మం బాగా వస్తే ఫోటో బాగా వచ్చినట్టు లెక్క. ఇప్పటికీ చాలా గేమ్స్‌లో మన క్యారెక్టర్ని తయారుచేసుకోబోతే ముందు కనిపించేది తెల్లని మొహమే. మన రంగు కావాలంటే స్లైడర్ పట్టుకుని చివరిదాకా లాగాలి.

బొమ్మలేసే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, నేను చేసిన తప్పు మీరు చేయకండి. నల్లని చర్మం వేయాలంటే తెల్లని చర్మానికి నలుపు కలపడం కాదు. అలా చేస్తే మొహం బూడిద రంగుకి తిరిగి, ప్రాణం పోయినట్టుంటుంది. నీడలోకి ముదురు ఎరుపు, వంకాయ రంగు రానివ్వండి. నుదుటి మీద, ముక్కు మీద, చెంప ఎముక మీద మెరుపు ధైర్యంగా పెట్టండి. నల్లని చర్మం మీద మెరుపు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆరుబయట బొమ్మైతే ఆ మెరుపులో ఆకాశం నీలం కాస్త కలపండి. అన్నిటికన్నా ముందు మీ ఇంట్లోవాళ్ళని ఎండలో కూర్చోబెట్టి చూడండి.

ఇదంతా మనవాళ్ళ పని కాదనుకుంటే ఒక పేరు గుర్తుపెట్టుకోండి. జెరాల్డ్ లాసన్, అమెరికా నల్లజాతి ఇంజనీరు. 1976లో వచ్చిన ఫెయిర్‌చైల్డ్ ఛానల్ ఎఫ్ తయారీని నడిపించింది ఆయనే. గేమ్ ఉన్న కార్ట్రిడ్జ్‌ని తీసి, ఇంకోటి పెట్టుకునే వీలు ఇంట్లోకి వచ్చింది ఆ కన్సోల్‌తోనే. మనకైతే క్రిటా ఉచితం, గోడో ఉచితం. హాస్టల్లో ఒక పాత ల్యాప్‌టాప్‌ని నలుగురు పంచుకున్నా పని నడుస్తుంది.

నేను ఇప్పుడొక చిన్న గేమ్ చేస్తున్నా. ఒకావిడ తెల్లారకముందే లేచి, గట్ల మీద నడుచుకుంటూ నాట్లకి పోవాలి. అంతే కథ. ఆమె రంగు కోసం పదకొండుసార్లు కొట్టేసి మళ్ళీ వేశాను. పన్నెండోసారి చెల్లికి వాట్సాప్‌లో పంపితే, "అమ్మ చీర అది కాదు, ఆకుపచ్చది" అని రిప్లై ఇచ్చింది. మొహం గురించి ఏమీ అనలేదు.

చీర మారుస్తున్నా.

(వచ్చే భాగంలో: స్క్రీన్ మీద మన జెండా నీలం, ఫ్లెక్సీ మీదకి వచ్చేసరికి ఎందుకు మారిపోతుంది?)