గీత దాటని ఊరు

పొరుగూరి వాళ్లు బతకాలని ఓ ఊరు ఊరంతా తన చుట్టూ తానే గీత గీసుకుంది. దాటితే ప్రాణాలు దక్కొచ్చని తెలిసినా దాటలేదు! ఇంగ్లాండులోని డెర్బీషైర్ కొండల మధ్య ఉన్న 'ఈమ్' కథ ఇది. మూడున్నర శతాబ్దాలుగా అక్కడి ఇళ్లూ రాళ్లూ ఆ కథే చెబుతున్నాయి.

చర్చి పక్కన వరసగా ఉన్న రాతి ఇళ్లను 'ప్లేగు కాటేజీలు' అంటారు. 1665లో అక్కడి దర్జీకి లండన్ నుంచి బట్టల మూట వచ్చింది. తడిగా ఉందని పనివాడు జార్జ్ వికర్స్ దాన్ని విప్పి పొయ్యి దగ్గర ఆరబెట్టాడు. ప్లేగును మోసే పురుగులు అందులోనే వచ్చాయంటారు. సెప్టెంబరు మొదటివారంలోనే అతను చనిపోయాడు. ఆ తర్వాత ఇంటింటా చావే. ఏ ఇంట్లో ఎవరెవరు పోయారో గోడల మీది పలకలు ఇప్పటికీ చెబుతాయి.

1666 వేసవిలో జబ్బు మళ్లీ విజృంభించింది. చర్చి మతాధికారి విలియం మాంపెసన్, అంతకుముందు ఆ బాధ్యతలో ఉన్న థామస్ స్టాన్లీ కలిసి ఊరివాళ్లను ఒప్పించారు. ప్లేగు పోయేదాకా ఎవరూ పొలిమేర దాటకూడదు!

ఆ పొలిమేర రాయిని ఇప్పుడూ చూడొచ్చు. దాని మీద చిన్న చిన్న గుంతలుంటాయి. వాటిలో వెనిగర్ పోసి డబ్బులు వేసేవారు. పొరుగువాళ్లు తిండి సరుకులు అక్కడ పెట్టి, నాణేలు తీసుకెళ్లేవారు. చర్చిలో గుమిగూడితే ప్రమాదమని ప్రార్థనలను 'కక్లెట్ డెల్ఫ్' అనే లోయలోకి మార్చారు. ఒక్కో కుటుంబం ఎడంగా నిలబడేది. 2020లో మనమంతా నేర్చుకున్న దూరం అదే!

ఊరికి కాస్త ఆవల, పొలంలో గుండ్రటి రాతి గోడ కనిపిస్తుంది. లోపలున్నవి 'రైలీ సమాధులు'. ఎలిజబెత్ హాంకాక్ అనే ఇల్లాలు ఎనిమిది రోజుల్లో భర్తనూ ఆరుగురు పిల్లలనూ తన చేతులతోనే మట్టిలో కలిపింది. చర్చి ఆవరణలో వందల ఏళ్లనాటి రాతి శిలువతో పాటు మాంపెసన్ భార్య కేథరిన్ సమాధీ ఉంది. ఆమె కూడా ఆ ఆగస్టులోనే ప్లేగుకు బలైంది.

నవంబరుకల్లా ప్లేగు ఆగింది. అప్పటికి సుమారు 260 మంది పోయారు. చుట్టుపక్కల ఊళ్లు మాత్రం నిలిచాయి. ఏటా ఆగస్టు చివరి ఆదివారం ఈమ్ వాసులు వాళ్లను తలచుకుని ప్రార్థన చేస్తారు. పొలిమేర రాయి దగ్గర ఇప్పుడు కావలి లేదు, ఆంక్ష లేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు మాత్రం ఆ గుంతల్లో ఓ నాణెం వేసి వెళ్తుంటారు... తీరని బాకీలో కొంతైనా కట్టినట్టు.