మరమ్మతు ఖర్చులు - నోటిమాట, వ్రాతచీటి

ప్రతి గృహస్థుడు నెల మొదట ఖర్చుల పట్టిక ఒకటి వ్రాసుకుంటాడు. బియ్యము, ఇంటి అద్దె, కరెంటు బిల్లు, పిల్లల ఫీజులు, మందులు అన్నీ అందులో ఉంటవి. ఇంటిముందు వాహనమున్నచో పెట్రోలు ఖర్చు కూడా ఉంటుంది. కాని ఆ వాహనపు మరమ్మతు ఖర్చు మాత్రము ఏ పట్టికలోను కనిపించదు. అది పిలువని చుట్టమువలె ఎప్పుడో ఒకనాడు వచ్చి, ఇంటిలో ఉన్నదంతా ఊడ్చుకొని పోతుంది. ఆ తరువాత ఇంటివారు షెడ్డు మెకానిక్కును తిట్టుకుంటారు. మెకానిక్కు గిరాకీలను తిట్టుకుంటాడు. ఈ తిట్లకు మూలమెక్కడ ఉన్నదో, దీనికి విరుగుడేమిటో మా శక్తి కొలది విచారించి, తోటి విద్యార్థులకు, కళాశాల కమిటీ పెద్దలకు విన్నవించుకొనుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

ఇది మనకు సంబంధించిన విషయము కాదని ఎవరైనా అనుకోవచ్చును. కాని మా తరగతిలో ఒకే బల్లమీద బాడుగ కారు నడుపుకొనేవారి కుమారుడు, మోటారు షెడ్డు నడుపుకొనేవారి కుమారుడు ప్రక్కప్రక్కన కూర్చుంటారు. గడచిన వేసవిలో ఒక మరమ్మతు బిల్లు ఈ ఇద్దరి నడుమ కొన్ని వారాలపాటు మాటలు లేకుండా చేసినది.

జరిగినది ఇది. మా మిత్రుని తండ్రిగారికి పాత కారు ఒకటి ఉన్నది. కర్నూలు నుండి హైదరాబాదు ఆసుపత్రులకు రోగులను తీసుకొనిపోయి, మరల ఇంటికి చేర్చుట వారి జీవనాధారము. రానుపోను నాలుగు వందల కిలోమీటర్ల పైమాట. మే నెలలో ఆ కారు వేడెక్కసాగినది. జాతీయ రహదారి మీద పరుగెత్తునప్పుడు ఏ బాధా లేదు; హైదరాబాదులో సిగ్నళ్ళ దగ్గర నిలిచినప్పుడు మాత్రము వేడిని చూపే ముల్లు పైకి లేచేది. ఒక షెడ్డులో చూపించగా "రేడియేటరు పోయింది, మూడు వేలల్లో అయిపోతుంది" అన్నారు. కాగితము లేదు, రసీదు లేదు. రెండు రోజులన్నది ఆరు రోజులైనది. ఆ ఆరు రోజులు బాడుగ కూడా లేదు. చివరకు చెప్పిన లెక్క 14,600 రూపాయలు. రేడియేటరు క్రొత్తది వేసినామన్నారు, గొట్టాలు మార్చినామన్నారు, వాటరు పంపు కూడా మార్చినామన్నారు. తీసివేసిన పాత సామాను ఏదని అడిగితే తుక్కులో పడవేసినామన్నారు. ఇచ్చిన డబ్బు మా మిత్రుని సెమిస్టరు ఫీజుకని దాచినది.

నాలుగవనాడు హైదరాబాదులో అదే ముల్లు అట్లే లేచినది. తిరుగు ప్రయాణములో షాద్‌నగర్ దగ్గర ఒక వృద్ధ మిస్త్రీకి బండిని చూపించినారు. ఆయన పానా పట్టుకొనక ముందే ఒక ప్రశ్న అడిగినాడట: "భాయ్, బండి పరుగులో వేడెక్కుతుందా, నిలబడితే వేడెక్కుతుందా?" నిలబడితేనే అని చెప్పగానే, ఇంజను ఆపకుండా ఉంచి, రేడియేటరు దగ్గరి ఫ్యాను తిరుగుతున్నదా అని చూసినాడు. తిరుగుట లేదు. బండి పరుగులో ఉన్నప్పుడు ఎదురుగాలియే రేడియేటరును చల్లబరుస్తుంది. నిలిచినప్పుడు ఆ పని ఫ్యానుది. ఆ ఫ్యానుకు కరెంటునందించే రిలే అనే చిన్న వస్తువు కాలిపోయినది. దాని ఖరీదు, కూలి కలిపి 450 రూపాయలు. కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లయినది. కాని కొండను త్రవ్విన కూలి మాత్రము ఎవ్వరూ తిరిగి ఇయ్యలేదు.

అప్పుచేసి, ఆలస్య రుసుముతో ఫీజు కట్టిననాడు మా మిత్రుడు దుఃఖము పట్టలేక "షెడ్డువాళ్ళందరూ దొంగలే" అన్నాడు. ప్రక్కనున్న మిత్రుడు ఏమీ మాట్లాడక, పుస్తకాలు సర్దుకొని వెనుక బల్లకు వెళ్ళి కూర్చున్నాడు. మేమందరమూ ఆ మాట విన్నాము. అది న్యాయమైన మాటయేనా అని ఆనాటి నుండి మాలో మేము తర్కించుకుంటూనే ఉన్నాము.

కాదనియే మా అభిప్రాయము. మూడు వేలని చెప్పి పదునాలుగు వేలు తీసుకొనుటను మేము సమర్థించుట లేదు. కాని ఆ షెడ్డులో జరిగినది దొంగతనమో, తెలివితక్కువతనమో ఈనాడు ఎవరు తేల్చగలరు? రోగి చెప్పేది వినక మందిచ్చిన వైద్యునివలె వారు ఊహమీద పనిచేసినారు. ఒక ఊహ తప్పితే రెండవది, అదీ తప్పితే మూడవది. ప్రతి ఊహకు ఒక క్రొత్త సామాను, ఒక కూలి. ఆ ఊహలన్నిటికీ ధర చెల్లించినది బండివాడు. ఏ ఊహ ఎందుకు చేసినారో వ్రాసిన కాగితము ముక్క లేదు కనుక, అడిగేందుకు ఇతనికి ఆధారము లేదు, చెప్పుకొనేందుకు అతనికీ ఆధారము లేదు. మాటలు నీటి మూటలని పెద్దలు ఊరకే అనలేదు.

వెనుక బల్లకు వెళ్ళిన మిత్రుడు తరువాత మాతో చెప్పిన సంగతులు కూడా వినదగినవి. అతని తండ్రిగారు పన్నెండేండ్ల వయసులో ఒక ఉస్తాద్ దగ్గర పానాలు అందించే కుర్రవానిగా చేరి పని నేర్చుకున్నవారు. ఆనాటి ఇంజను చప్పుడు చెవితో వింటే చాలు, జబ్బు తెలిసేది. నేటి బండ్ల ఇంజనులను కంప్యూటరు నడిపిస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్. 6 ప్రమాణాలు అమలులోకి వచ్చిన తరువాత సెన్సార్లు మరింత పెరిగినవి. వాటి లోపము చెవికి వినిపించదు. స్కానరు పెట్టి చూడవలసినదే. ఆ యంత్రము కొనుటకు చిన్న షెడ్డువానికి శక్తి చాలదు. కొన్నను దానిని చదువుట నేర్పినవారు లేరు. ఇక గిరాకీలలో "డూప్లికేటు సామానే వెయ్యి, తక్కువలో కానియ్యి" అనేవారు కొందరు. ఆ సామాను మూడు నెలలకు పోతే నింద మాత్రము మెకానిక్కుది. "బండి ఇయ్యి భాయ్, డబ్బు రేపిస్తా" అని పోయినవారి పేర్లతో వారి షెడ్డులో ఒక నోటుపుస్తకము నిండినదట. ఆ లెక్కలకు కూడా సంతకాలు లేవు. నోటిమాట వలన మోసపోయేది గిరాకీ ఒక్కడే కాడని మాకు అప్పుడు తెలిసినది.

చిన్న షెడ్డు వెనుకబడుటకు పెద్దవారి పాత్ర కూడా లేకపోలేదు. అసలు విడిభాగాలను, లోపములను కనిపెట్టే పరికరములను తమ డీలర్లకు తప్ప బయటి మెకానిక్కులకు అందకుండా చేసినందుకు, 2014 ఆగస్టు 25న భారత కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు మొత్తము 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించినది. కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళినవి. జరిమానా మాట ఎట్లున్నను, బయటి మెకానిక్కు చేతులు కట్టివేస్తే బండివాడు గత్యంతరము లేక ఒకే గడప త్రొక్కవలసి వస్తుందని ఆ తీర్పు లోకానికి తెలియజేసినది. ఆ తరువాత 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు కొరకు ఒక పోర్టలు ప్రారంభించినది. దానిలో వాహనముల రంగము కూడా చేరియున్నది.

అట్లయితే కంపెనీ సర్వీసు సెంటరుకే పోవుట మేలు కదా అని కొందరంటారు. అక్కడ కాగితమున్న మాట నిజమే. అయితే కాగితముండుట వేరు, దానిని చదువుట వేరు. ఉచిత సర్వీసు అంటే సాధారణముగా కూలి మాత్రమే ఉచితము. ఇంజను ఆయిలు, ఫిల్టర్లు ఉచితము కావు. కంపెనీ పుస్తకములో లేని పూతలు, శుభ్రములు అంచనాలో చేరి ఉంటవి. ఏసీ గదిలో కాఫీ త్రాగుతూ చదువకుండా సంతకము చేసినవాడు, షెడ్డులో నోటిమాట నమ్మినవానికన్న తెలివైనవాడేమీ కాడు.

చట్టము మనకు అండగా లేకపోలేదు. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టము స్థానములో వచ్చిన 2019 చట్టము 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చినది. చేసిన సేవకు బిల్లు గాని రసీదు గాని ఇయ్యకపోవుట అనుచిత వ్యాపార పద్ధతియని ఆ చట్టము చెప్తున్నది. సేవాలోపముపై జిల్లా వినియోగదారుల కమిషనుకు రెండు సంవత్సరములలోగా ఫిర్యాదు చేసుకోవచ్చును. చెల్లించిన మొత్తము 5 లక్షల రూపాయలలోపు అయితే ఫిర్యాదుకు రుసుము కూడా లేదు. 1915 నెంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చును. కాని చేతిలో చీటీయే లేనివాడు ఏమి చూపించి ఫిర్యాదు చేస్తాడు? చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని లాభము లేదు.

కనుక బండివారు ముందుగా చేయవలసిన పని తమ ఇంటి లెక్కలోనే ఉన్నది. మరమ్మతును ఆపదగా భావించుట మానవలెను. బ్రేకు ప్యాడ్లు అరుగుతవి, క్లచ్చు అరుగుతుంది, టైర్లు అరుగుతవి, బ్యాటరీ ఒకనాటికి చచ్చిపోతుంది. ఎప్పుడో తెలియదు గాని, తప్పక వచ్చే ఖర్చు ఇది. మా కామర్స్ విద్యార్థులు దీనినే తరుగుదల అని పరీక్షలలో వ్రాసి మార్కులు తెచ్చుకుంటారు. ఇంటికి వచ్చి మరచిపోతారు. బాడుగ బండి తిరిగిన ప్రతి కిలోమీటరుకు ఒక రూపాయి ప్రక్కకు తీసిపెట్టినచో, నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగే బండికి సంవత్సరములో 36,000 రూపాయలు జమ అవుతవి. మా మిత్రుని తండ్రిగారు ఈ పద్ధతి పాటించి ఉన్నచో 14,600 రూపాయల దెబ్బ అయిదు నెలల జమలో ఇమిడిపోయేది. కుమారుని ఫీజు జోలికి పోవలసి వచ్చేది కాదు. ఈ మాట మేము ఆయనతోనే అన్నాము. ఆయన నవ్వి, "రూపాయి తీసిపెట్టడం సరే నాయనా, ఆ రూపాయికి లెక్క చెప్పేవాడు కావాలి గదా" అన్నారు. ఆ మాటలో సత్యమున్నది. దాచుకున్న సొమ్ము కూడా ఊహలకే ఖర్చయిపోతే ఎంత దాచినను చాలదు.

అందుచేత మేము ఒక చిన్న చీటీ నమూనాను తయారుచేసినాము. ఒకే పుట, ఒక ప్రక్క తెలుగు, ఒక ప్రక్క ఉర్దూ. మన ఊరి షెడ్లలో ఉర్దూ చదువ నేర్చి తెలుగు చదువలేని ఉస్తాదులున్నారు. గిరాకీలలో ఉర్దూ రానివారు ఎక్కువ. చీటీలో ఉండేవి ఇవి: బండి నెంబరు, తిరిగిన కిలోమీటర్లు, బండివాడు చెప్పిన బాధ అతని మాటలలోనే, మెకానిక్కు పరీక్షించి కనుగొన్న కారణము, సామాను ధర వేరుగా, కూలి వేరుగా, బండి తిరిగి ఇచ్చే తేదీ, బయానా ఎంత, మిగిలినది ఎప్పుడు ఇచ్చేది. చివర మూడు నియమములు. అంచనా మించేటట్లయితే ఫోనుచేసి ఒప్పుదల పొందిన తరువాతనే పని చేయవలెను. తీసివేసిన పాత సామాను బండివానికి చూపించవలెను. డబ్బు పూర్తిగా ఇచ్చిననాడే బండి తీసుకొనిపోవలెను. అరువైతే సంతకము చేయవలెను. ఇరువురి సంతకాలతో రెండు ప్రతులు.

ఉర్దూలో అమానత్ అనే చక్కని మాట ఉన్నది. నమ్మి మన దగ్గర ఉంచిన వస్తువని దాని అర్థము. షెడ్డులో ఒక రాత్రి నిలిచిన బండి అమానత్తే. మెకానిక్కు చెమటోడ్చిన కూలి గిరాకీ చేతిలోని అమానత్తే. చీటీ వ్రాసుకొనుట నమ్మకము లేకపోవుటకు గుర్తు అని కొందరు పెద్దలు మమ్ములను మందలించినారు. సవినయముగా మా మనవి ఏమనగా, చీటీ నమ్మకమునకు శత్రువు కాదు, దాని కాపలాదారు.

కళాశాల కమిటీ పెద్దలకు మా ప్రార్థనలు మూడు. ఈ చీటీలను పుస్తకములుగా అచ్చువేయించి మన ఊరి షెడ్లకు పంచుటకు కొద్దిపాటి సొమ్ము మంజూరు చేయవలెను. సెలవులలో ఒక వారము, స్కానరు వాడుక తెలిసిన వారిని పిలిపించి, షెడ్లలో పనిచేసే కుర్రవారికి మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలో శిక్షణ ఇప్పించవలెను. ఇక మొదటి చీటీని మన కళాశాల బస్సు మరమ్మతుకే వాడవలెను. ఇతరులకు చెప్పే నియమమును మన ఇంటిలో మొదలుపెట్టుట మర్యాద.

ఆ చీటీలోని తెలుగు భాగమును బాడుగ కారువారి కుమారుడు, ఉర్దూ భాగమును షెడ్డువారి కుమారుడు వ్రాసినారు. "బండివాడు చెప్పిన బాధ" అనే గడి మొదట ఉండవలెనని పట్టుపట్టినది షెడ్డువారి కుమారుడే. అది వ్రాయుటకు వారు మరల ఒకే బల్లమీద కూర్చొనవలసి వచ్చినది. ఇప్పటికీ అక్కడే కూర్చుంటున్నారు.